పార్టీ, పాటి, సిద్ధాంతం: కాళోజీ ఓటు భావన – రామగుండం అనుభవం

ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెలంగాణలో కాళోజీ నారాయణరావు (1914–2002) పేరున ఒక శ్లేష సభావేదికల మీద, సంపాదకీయాలలో మళ్లీ వినిపిస్తుంది. ‘పార్టీ’, ‘పాటి’ అన్న రెండు మాటల ధ్వనిసామ్యం మీద నిలిచిన మాట అది. అభ్యర్థి ఏ జెండా కింద నిలబడ్డాడన్నది పక్కనపెట్టి అతని యోగ్యత ఎంతో చూడమని అది ఓటరును కోరుతుంది. పుస్తకం చదవని వారి నోట కూడా నిలిచిన ఇలాంటి మాటలు ఆధునిక తెలుగు కవులలో కొద్దిమందికే దక్కాయి. అయితే ప్రచారం పెరిగిన కొద్దీ పరిశీలన తగ్గింది. ఆ మాటను కాళోజీ రాజకీయ చింతన సారాంశంగా స్వీకరించడమే తప్ప, అది ఓటరుకు ఇస్తున్న కొలత ఏమిటి, ఆ కొలత ఎంతవరకు పనికివస్తుంది అన్న ప్రశ్నలు విమర్శలో తగినంతగా రాలేదు. పార్టీ విధేయతతోనో గెలుపు అంచనాతోనో కాక ఒక రాజకీయ సిద్ధాంతాన్ని బట్టి ఓటు వేయడం అన్న భావనకు ఆ శ్లేష ప్రతినిధి కాదనీ, కాళోజీలో ఆ భావన ఉన్నది ఆయన ఆచరణలోననీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. అందుకు గీటురాయిగా రామగుండం శాసనసభ నియోజకవర్గాన్ని, అదే నేల మీద సింగరేణి కార్మికులు వేసే మరో ఓటును తీసుకోవడం జరిగింది.

పాటి అన్న కొలత

‘పాటి’ తెలుగులో పరిమాణాన్ని, యోగ్యతను తెలిపే మాట. ‘ఈపాటి దానికి’, ‘ఏపాటి వాడు’, ‘ఆపాటి తెలియదా’ అన్న వాడుకలన్నింటిలోనూ ఒక పోలిక దాగి ఉంటుంది. కావ్యభాషలో ‘పాటిసేయు’ అంటే లెక్కచేయడం, గౌరవించడం. అంటే ‘పాటి’ ఎప్పుడూ ఒంటరిగా నిలిచే గుణం కాదు. ఎదుట ఉన్న మరొకరితో సరిపోల్చి చూస్తేనే దానికి అర్థం. ఓటరు ముందు ఉన్న నలుగురిలో ఎవరు మేలు అన్నదే దాని పరిధి. ఆ నలుగురూ ఒకే విధానాన్ని మోస్తున్నప్పుడు ఏం చేయాలన్నది దాని పరిధిలోకి రాదు.

‘నా గొడవ’ కవితలలో ఓటు ప్రస్తావన ఉన్నచోట కూడా కాళోజీ దృష్టి వ్యక్తి వివేకం మీదనే ఉన్నది. ఓటు వేసే క్షణంలోనే బుద్ధి మేలుకొని ఉండాలనీ, ఎన్నుకున్న తర్వాత తల బాదుకొని ప్రయోజనం లేదనీ ఆయన హెచ్చరిస్తారు. ఇక్కడ రెండు విషయాలు గమనించదగినవి. ఒకటి, ఓటరును కులంగానో ఊరుగానో తరగతిగానో కాక ఒక్క మనిషిగా సంబోధించడం. సంపుటి పేరులోని ‘నా’ ఎట్లా ఒక వ్యక్తి గోడును పదిమంది గోడుగా మార్చుతుందో, ఓటు వేసే గదిలోని ఒంటరితనం కూడా అట్లాగే పదిమందికీ సంబంధించినదవుతుంది. రెండవది, కాలం. కవితలో ఓటరు బాధ్యత అంతా ఒక్క క్షణంలోకి కుదించబడింది. ఆ క్షణం దాటిన తర్వాతి ఐదేండ్లకు ఓటరు చేతిలో ఏమీ మిగలదన్న నిస్పృహ అందులో ఉన్నది. కాళోజీ వ్యంగ్యం పదును అంతా ఆ నిస్పృహదే.

రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న చేసిన ప్రసంగంలో అంబేద్కర్ రాజకీయాలలో భక్తి పతనానికి, అంతిమంగా నియంతృత్వానికి దారి అని హెచ్చరించారు. వ్యక్తి యోగ్యతను బట్టి ఓటు వేయమన్న మాటకూ వ్యక్తిపూజకూ మధ్య దూరం చాలా ఉన్నదన్నది నిజమే. అయినా రెండింటిలోనూ ఓటు చేరే చిరునామా వ్యక్తే. కాళోజీ ఏ వ్యక్తికీ భక్తుడు కాడు కనుక ఈ ప్రమాదం ఆయనకు తట్టలేదనుకోవాలి. ఆయన మాటను వాడుకుంటున్న వారందరికీ ఆ రక్షణ లేదు.

సత్తుపల్లిని పాఠంగా చదవడం

కాళోజీ జీవితసంగ్రహాలలో ఎన్నికల ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలకు మించదు. 1952లో వరంగల్ లోక్‌సభ స్థానానికి పోటీచేసి పీడీఎఫ్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావు చేతిలో ఓడారు. 1958 నుంచి 1960 వరకు శాసనమండలి సభ్యులుగా ఉన్నారు. ఎమర్జెన్సీ తర్వాతి శాసనసభ ఎన్నికలో సత్తుపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద నిలబడి ఓడారు. ఈ మూడింటినీ ఒకే వరుసలో, ఒకే బరువుతో చెప్పడం అలవాటైపోయింది. నిజానికి మూడవది మిగిలిన రెండింటి వంటిది కాదు.

వెంగళరావు 1973 డిసెంబర్ నుంచి ముఖ్యమంత్రి. ఎమర్జెన్సీ కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్లుగా ముద్రపడిన యువకులు ఎదురుకాల్పుల పేరిట చనిపోయారు. వాటిలో 1975 నాటి గిరాయిపల్లి ఘటన ప్రసిద్ధం. ఎమర్జెన్సీ ముగిసిన తర్వాత జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన పౌర నిజనిర్ధారణ సంఘం ఆ మరణాలను విచారించింది. కె.జి. కన్నబిరాన్ కార్యదర్శిగా పనిచేసిన ఆ సంఘంలో కాళోజీ ఒక సభ్యుడు. ఆ విచారణలో విన్నవీ చూసినవీ మనసులో ఉండగానే ఆయన ఖమ్మం జిల్లాలో ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గానికి వెళ్లి పోటీకి నిలిచారు. వరంగల్ మనిషికి సత్తుపల్లిలో బలగం లేదు. గెలుపు అవకాశం గురించి ఆయనకు భ్రమ ఉన్నదనడానికి ఆధారం లేదు.

ఇక్కడ ఓటరు ముందు పెట్టిన ప్రశ్న ‘ఏపాటి’ అన్నది కాదు. నిజానికి ఆ కొలతతో చూస్తే సత్తుపల్లి ఓటరుకు వెంగళరావును కాదనడానికి కారణం కనిపించకపోవచ్చు. స్థానికుడు, సమర్థుడైన పాలకుడు, ప్రాంతానికి పనులు తెచ్చినవాడు. కాళోజీ వేసిన ప్రశ్న వేరు. చంపే అధికారం రాజ్యానికి విచారణ లేకుండా ఉండవచ్చునా? ఆ ప్రశ్న మీద ఎన్నిక జరగాలంటే దానికి బాధ్యుడైన వ్యక్తి ఎదుటనే జరగాలి, గెలిచే చోట కాదు. అభ్యర్థి యోగ్యత ఇక్కడ రెండవ విషయం. కాళోజీ స్థానంలో మరొకరు నిలబడ్డా ప్రశ్న అదే.

ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మొరీస్ డువెర్జే 1951లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, ఒకే విజేత ఉండే పద్ధతిలో ఓటరు తన ఓటు ‘వృథా’ కారాదని గెలవగలవారి వైపు జరుగుతాడు. మన ఎన్నికల ప్రచారభాషలో దీనికి సమానమైన వాదన ప్రతి ఊరిలో వినవచ్చు. సత్తుపల్లి దీనికి సమాధానం. ఓడిన ఓట్లు కూడా లెక్కించబడతాయి, నమోదవుతాయి. ఎమర్జెన్సీ నాటి మరణాలను ముఖ్యమంత్రి ముఖం మీదే ప్రశ్నించిన పౌరులు ఆయన సొంత నియోజకవర్గంలో ఇంతమంది ఉన్నారన్న లెక్క ప్రభుత్వ దస్తావేజులలోనే నిలిచిపోయింది. ఇది కవిత్వం చేసే పనికి చాలా దగ్గరి పని. ఓటు మీద కాళోజీ రాసిన దానికంటే ఓటు అడిగిన తీరులోనే ఆయన చింతన ముందుకు వెళ్లిందనడం ఆయనను తక్కువ చేయడం కాదు.

రామగుండం ఓటు

శ్లేష ఇచ్చే కొలతను ఒక నియోజకవర్గం అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో చూడాలంటే రామగుండానికి రావాలి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో తొలిసారి ఎన్నిక జరిగిన స్థానమిది. గోదావరిఖని బొగ్గుగనులు, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం, బసంత్‌నగర్‌లోని కేశోరాం సిమెంటు కర్మాగారం, వాటి చుట్టూ పాలకుర్తి, అంతర్గాం మండలాల పల్లెలు కలిసి ఏర్పడిన నియోజకవర్గం. దేశంలోని నాలుగు దిక్కుల నుంచి వచ్చిన కార్మికులు ఉన్నచోట కులమో వంశపారంపర్య పార్టీ విధేయతో పల్లెలలో ఉన్నంత గట్టిగా ఓటును శాసించదు. కాళోజీ కోరిన ‘ఒంటరి’ ఓటరుకు ఇంతకంటే అనుకూలమైన నేల తెలంగాణలో అరుదు.

2009లో ఈ నియోజకవర్గం ప్రధాన పార్టీలన్నింటినీ కాదని స్వతంత్ర అభ్యర్థి సోమారపు సత్యనారాయణను గెలిపించింది. తర్వాత ఆయన తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి 2014లో ఆ పార్టీ అభ్యర్థిగా గెలిచారు. ఆ ఎన్నికలో, మళ్లీ 2018లో, ఆయనకు ప్రధాన ప్రత్యర్థి కోరుకంటి చందర్. ఫార్వర్డ్ బ్లాక్ అభ్యర్థిగా సింహం గుర్తుపై పోటీచేసి 2018లో గెలిచారు. ఆ తర్వాత ఆయనా తెలంగాణ రాష్ట్ర సమితిలోకి వెళ్లారు. 2023లో కాంగ్రెస్ అభ్యర్థి మక్కాన్ సింగ్ రాజ్ ఠాకూర్ గెలిచారు. 1939లో సుభాష్ చంద్రబోస్ స్థాపించిన పార్టీ గుర్తుకు గోదావరిఖనిలో పడిన ఓట్లలో బోస్ సోషలిజానికి పడినవి ఎన్నో చెప్పడం కష్టం కాదు.

నాలుగు ఎన్నికలలో రెండుసార్లు ఓటరు పార్టీని తోసిపుచ్చి మనిషిని చూసి ఓటు వేశాడు. శ్లేష చెప్పినట్టే చేశాడు. రెండుసార్లూ ఆ మనిషి ఒక పెద్ద పార్టీలోనే తేలాడు. దీనిని ఓటరు మోసపోవడంగా చదవడం తేలిక, కాని అది సరైన పఠనం కాదు. ఓటరు అడిగింది మనిషిని, దొరికింది మనిషే. అతడు ఎక్కడ కూర్చోవాలన్నది, ఏ విధానానికి చేయి ఎత్తాలన్నది ఓటరు ముందుగా షరతుగా పెట్టలేదు. పైగా రోడ్డు, ఆసుపత్రి, ఇంటిపట్టా అన్నీ ప్రభుత్వం వైపు నుంచే వస్తాయి కనుక, తన మనిషి అధికారపక్షానికి వెళ్లడం చాలామంది ఓటర్లకు యోగ్యతలో భాగంగానే కనిపించి ఉండవచ్చు. ‘పాటి’లో పని చేయించగల సత్తా కూడా ఉంటుంది. పార్టీ విధేయతను ముందు గుమ్మం నుంచి పంపిన ఓటరు ఇంటికి గెలుపు లెక్క పెరటి గుమ్మం నుంచి వచ్చింది.

దీనికి చట్టం కూడా తోడైంది. 1985లో రాజ్యాంగానికి చేర్చిన పదవ షెడ్యూలు పార్టీ విప్‌ను ధిక్కరించిన సభ్యుడిని అనర్హుడిని చేస్తుంది. ఫిరాయింపులను అది ఎంతవరకు ఆపిందన్నది వేరే చర్చ. ఓటు భావనకు సంబంధించినంత వరకు దాని ఫలితం ఒకటే: పార్టీ టికెట్ మీద గెలిచిన మనిషి ఎంత యోగ్యుడైనా సభలో అతని ఓటు అతనిది కాదు. ‘ఏపాటి వాడు’ అన్న కొలతతో లోపలికి పంపిన మనిషి లోపలికి వెళ్లగానే ‘ఏ పార్టీ వాడు’ అన్న లెక్కలోకి మారుతాడు. తొలి ఎన్నికల నాటి ఓటరుకు అందిన సలహాగా ఆ శ్లేషకు ఉన్న బలం ఈ షెడ్యూలు తర్వాత అంతే ఉన్నదనలేం.

గని కథలో లేని ఓటరు

సింగరేణి నేల నుంచి వచ్చిన సాహిత్యం ఈ విషయంలో ఏం చెబుతుంది? అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితల కృషి వల్ల గని జీవితం తెలుగు కథకు, నవలకు మధ్యలోకి వచ్చింది. సమ్మె, ప్రమాదం, నిర్బంధం, పల్లె నుంచి గనికి వచ్చిన మనిషి లోపలి మార్పు అందులో విస్తారంగా ఉన్నాయి. ఓటరు మాత్రం దాదాపు లేడు. ఉన్నచోట అతడు సారాకో డబ్బుకో లొంగిన మనిషి, లేదా పోలింగును పక్కనపెట్టిన చైతన్యవంతుడు.

ఈ లేమికి కారణం తెలిసినదే. 1981లో ఎనిమిది రోజుల వేతన కోతకు వ్యతిరేకంగా సింగరేణిలో 56 రోజుల సమ్మె నడిచింది. ఆ నేపథ్యంలోనే సింగరేణి కార్మిక సమాఖ్య రూపుదిద్దుకుంది. విప్లవోద్యమం ఎన్నికల బహిష్కరణను విధానంగా పాటించింది. ఆ ఉద్యమ ప్రభావంలో రాసిన రచయితకు సమ్మెయే కార్మికుడి నిజమైన ఓటు. బహిష్కరణ కూడా సిద్ధాంతం మీద తీసుకున్న నిర్ణయమే అన్నది మరువకూడదు; పార్టీ విధేయతతో, గెలుపు లెక్కతో దానికి సంబంధం లేదు. కాని సాహిత్యంలో దాని ఫలితం చిత్రమైనది. గనికార్మికుడు నిజజీవితంలో ఎన్నడూ ఆపని ఒక పని, అతని కథలలో జరగడం ఆగిపోయింది. పోలింగు నాడు షిఫ్టు దిగి వరుసలో నిలబడిన మనిషి మనసులో ఏమున్నదో చెప్పే కథ మనకు దాదాపుగా లేదు.

కాళోజీ విశిష్టత ఇక్కడే స్పష్టమవుతుంది. ఆ ఉద్యమంలో మరణించినవారి కోసమే ఆయన విచారణకు కూర్చున్నారు. కాని ఉద్యమం వద్దన్న ఎన్నికకే వెళ్లారు. బహిష్కరణకూ పార్టీ ఓటుకూ మధ్య మూడో స్థానం ఒకటి ఉన్నదని ఆచరణలో చూపారు. ‘పై వారెవరూ కాదు’ అన్న మీటను ఓటుయంత్రం మీద పెట్టాలని 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది పీయూసీఎల్ వేసిన దావాలో. జయప్రకాశ్ నారాయణ్, తార్కుండేల పౌరహక్కుల ఉద్యమం నుంచే వచ్చిన సంస్థ అది. అయితే ఆ మీట కాదనడానికే పనికివస్తుంది. సత్తుపల్లిలో కాళోజీ ఓటరుకు ఇచ్చింది అవుననగల అవకాశాన్ని కూడా.

గని ఓటు

రామగుండంలో మరో ఓటు ఉన్నది. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగు ద్వారా ఎన్నుకోవడం 1998లో మొదలైంది. 2023 వరకు ఏడుసార్లు జరిగింది. 1998లో, 2001లో ఏఐటీయూసీ, 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ, 2012లో, 2017లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, 2023 డిసెంబర్ 27న తిరిగి ఏఐటీయూసీ గెలిచాయి. ఈ వరుస పక్కన ఆయా కాలాల రాష్ట్ర ప్రభుత్వాలను రాసుకుంటే ఒక విషయం తేటపడుతుంది. తెలుగుదేశం ప్రభుత్వం ఉన్నప్పుడు కార్మికులు ఆ పార్టీ సంఘాన్ని ఎన్నుకోలేదు. కాంగ్రెస్ ప్రభుత్వం ఉన్నప్పుడు 2007లో, 2012లో, 2023లో ఐఎన్‌టీయూసీని ఎన్నుకోలేదు. ఏడింటిలో అధికారపార్టీ సొంత సంఘం గెలిచింది ఒక్క 2017లోనే.

2023 నాటి జంట ఎన్నికలు మరింత ఆసక్తికరం. నవంబర్ 30న శాసనసభకు పోలింగు. రామగుండంలో కాంగ్రెస్ గెలిచింది, రాష్ట్రంలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. నెల తిరగకముందే గని ఓటు. కొత్త ప్రభుత్వపు అండ ఉన్న సంఘానిదే గెలుపన్న అంచనా సహజం. 11 ఏరియాలలో ఆరింటిలో ఐఎన్‌టీయూసీ నెగ్గింది కూడా. అయినా రామగుండం-1, రామగుండం-2 ఏరియాలు ఏఐటీయూసీ వైపు నిలిచాయి. కంపెనీ మొత్తం మీద ఆ సంఘం 1,999 ఓట్ల ఆధిక్యంతో గుర్తింపు పొందింది. నవంబరులో కాంగ్రెస్‌కు ఓటు వేసిన చేతులలో కొన్నయినా డిసెంబరులో మరో గుర్తు మీద పడకుండా ఈ ఫలితం సాధ్యం కాదు.

ఒకే మనిషి నెల తేడాతో రెండు రకాలుగా ఎందుకు ఓటు వేస్తాడు? అతని చైతన్యం మారలేదు. అతని ముందు ఉన్న ప్రశ్న మారింది. శాసనసభ ఓటులో ప్రశ్న ఓటరుకు అందేసరికి ఒక ముఖంగా మారి ఉంటుంది. గని ఓటులో ప్రశ్న ప్రశ్నగానే అందుతుంది: వారసత్వ ఉద్యోగాలు, కొత్త గనులు, ప్రైవేటు వేలం, లాభాలలో వాటా, క్వార్టర్లు. గేట్ మీటింగులో నాయకుడి ‘పాటి’ చర్చకు రాదని కాదు. కాని ఆ చర్చ డిమాండ్ల జాబితా దాటి పోలేదు, ఎందుకంటే వింటున్నవాడికి గనిలోపలి సంగతి చెప్పేవాడికంటే ఎక్కువ తెలుసు. ఓటును అమ్ముకోవద్దని, వివేకంతో వేయమని కాళోజీ కవిత చేసిన హితవు ఇక్కడ అనవసరమైపోతుంది; వివేకానికి కావలసిన సమాచారం ఓటరు ఒంటి మీదే ఉన్నది.

అయితే గని ఓటును సిద్ధాంతపు ఓటుకు నిర్మల రూపంగా చిత్రించడం కూడా తప్పే. 2011 సకల జనుల సమ్మె తర్వాత వచ్చిన 2012 ఫలితంలో గని సమస్యల కంటే రాష్ట్ర సాధన పెద్దది. అది సిద్ధాంతం మీద పడిన ఓటే, కాని గని సిద్ధాంతం కాదు. 2017లో వారసత్వ ఉద్యోగాల హామీ, దానిని ఇవ్వగల ప్రభుత్వం చేతిలో ఉన్న సంఘం – రెండూ ఒకచోట చేరాయి. అక్కడ గెలుపు లెక్క నేరుగానే పనిచేసింది. 2023లో గెలిచిన సంఘం వెనుక ఉన్న సీపీఐ అప్పటి కాంగ్రెస్‌కు మిత్రపక్షం కనుక, అది పూర్తిగా అధికారానికి ఎదురు నిలిచిన తీర్పు అనడం అతిశయోక్తి.

అంతకంటే పెద్ద పరిమితి ఓటర్ల జాబితాలో ఉన్నది. 2023లో గని ఓటర్లు నలభై వేల లోపు. పర్మినెంట్ కార్మికుల సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చింది; ఓపెన్‌కాస్టులలో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుడికి, అతని చెమటతో నడిచే గనిలో ఈ ఓటు లేదు. బసంత్‌నగర్ సిమెంటు కార్మికుడికీ సహజంగానే లేదు. గోదావరిఖని పర్మినెంట్ కార్మికుడు ఒక ఓటును మనిషికి, మరో ఓటును ప్రశ్నకు వేయగలడు. బసంత్‌నగర్ మనిషి, ఓబీ డంపుల మీద లారీ నడిపే కాంట్రాక్టు మనిషి రెండింటినీ ఒకే ఓటులో ఇమడ్చుకోవాలి. సత్తుపల్లిలో కాళోజీ నిలబడినట్టు ఒక ప్రశ్నను మోస్తూ నిలబడేవారు అతని పోలింగు కేంద్రంలోని జాబితాలో ఉంటే తప్ప, అతనికి మిగిలే కొలత ‘ఏపాటి’ ఒక్కటే.